అలసిన కంప్యూటరు, ఆగిన పాట

మా సంఘములో ఒక పెద్దామె ఉండేవారు. ఊరంతా ఆమెను మామ్మగారు అనే పిలిచేది. పెద్దగా చదువుకోలేదు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోని పాత పాటలు, మనము ఈ రోజుల్లో ఆరాధనలో పాడడము మానేసినవి కూడా, ఆమెకు కంఠస్థము. ఆ పుస్తకములో కీర్తనల తలపైన రాగము, తాళము పేర్లు అచ్చువేసి ఉంటాయి. అయితే ఆ రాగములో ఆ పాటను ఎట్లా నడపాలి, ఏ మాట దగ్గర ఆగాలి, ఎక్కడ గొంతు పైకి లేపాలి అన్నది మన చేతుల్లో ఉండే పాటల పుస్తకము చెప్పదు. అది నోటినుంచి చెవికి రావలసిందే. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) రాసిన కీర్తననే రెండు ఊళ్ళలో రెండు నడకలతో పాడడము మనము విన్నదే.

మామ్మగారు పాడే నడక మా ఊరిది. ఆమె తరువాత దానిని పూర్తిగా ఎరిగినవారు లేరు. అందుకని మా యౌవనస్థులు ఆమె పాటలను రికార్డు చేయాలనుకున్నారు. సామాను పెద్దదేమీ కాదు. ఒక మైకు, దానిని కంప్యూటరుకు కలిపే చిన్న ఆడియో పెట్టె, మామ్మగారి మనవడు కాలేజీకి వాడుకునే పాత ల్యాప్‌టాప్. కుర్రవాళ్ళు ముందుగానే కీబోర్డు, డోలక్, తబలా, కోరస్ అన్నీ విడివిడిగా రికార్డు చేసి పెట్టుకున్నారు. మొత్తము పద్నాలుగు ట్రాకులు. ఇక మామ్మగారి గొంతు ఒక్కటే తరువాయి.

ఆ రాత్రి ఆమె పాడిన తీరు అక్కడున్న వారెవరూ మరువలేరు. మూడో చరణము దగ్గర కళ్ళు మూసుకొని పాడారు. గదిలో ఎవరూ కదలలేదు. పాట ముగిశాక, "ఏరా, పడిందా?" అని మనవణ్ణి అడిగారు.

"పడింది మామ్మా. కాని..." అని వాడు నీళ్ళు నమిలాడు.

తిప్పి వింటే పాట పొడుగునా టిక్కు, టిక్కుమని చప్పుళ్ళు. సరిగ్గా ఆ మూడో చరణములో ఒక మాట మధ్యలో శబ్దమే లేదు. కన్ను మూసి తెరిచేంతసేపు పూర్తి నిశ్శబ్దము. మళ్ళీ పాడమని అడిగే ధైర్యము ఎవరికీ లేకపోయింది. ఆమె అప్పటికే అలసిపోయారు.

మరునాడు పట్నములోని ఒక దుకాణములో చూపిస్తే, "దీని పని అయిపోయింది, కొత్త కంప్యూటరు కొనుక్కోండి" అన్నారు. కుర్రవాడి తండ్రి రైతు. "ధాన్యము డబ్బు రాగానే కొందాము, చాలకపోతే కొంత అప్పు తెద్దాము" అని సిద్ధపడ్డాడు. ఇటువంటి పనుల్లో కొంతకాలముగా చెయ్యి పెడుతున్నవాణ్ణి గనుక, "ఒక్క వారము ఆగండి, ముందు దానికి ఉన్న బరువు దించి చూద్దాము" అన్నాను. ఆ వారములో చేసినవే ఇక్కడ రాస్తున్నాను. పాటల రికార్డింగుకు కంప్యూటరు వాడుతున్న మన సంఘాల యౌవనస్థులకు, ఖర్చు భరించవలసిన వారి తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని నా ఆశ.

తప్పు ఎక్కడుంది?

టిక్కుమని వినపడగానే పాట పాడైపోయిందని బెంబేలు పడకూడదు. ఈ చప్పుళ్ళు రెండు రకాలు. ఒకటి, రికార్డు అయిన పాట బాగానే ఉంటుంది. దానిని వినిపించే సమయములో కంప్యూటరు అందుకోలేక టిక్కుమంటుంది. రెండోది, రికార్డు చేసే సమయములోనే కంప్యూటరు అందుకోలేక కొంత శబ్దమును జారవిడుస్తుంది. మొదటిదానిలో పాట భద్రముగా ఉన్నది. రెండోదానిలో ఆ ముక్క ఇక లేదు.

ఏది జరిగిందో తెలుసుకోవడము తేలిక. మిగిలిన ట్రాకులన్నీ మూసివేసి, ఎఫెక్టులన్నీ తీసివేసి, గొంతు ట్రాకు ఒక్కటే రెండు మూడుసార్లు వినండి. చప్పుడు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట వస్తే, లేక అసలే రాకపోతే, పాట బాగున్నట్టే. ప్రతిసారీ అదే మాట దగ్గర వస్తూ, తెర మీద అలల గీతలో కూడా అక్కడ తెగినట్టు కనబడితే, అది ఫైలులోనే పడిపోయింది. మామ్మగారి పాటలో జరిగింది ఈ రెండోదే.

విందు వంటశాలలాంటిది

కంప్యూటరు లోపల జరిగే పనిని మన పండుగ విందుతో పోల్చుకోవచ్చు. ప్రాసెసరు అంటే వంటమనిషి. ర్యామ్ అంటే వంటమనిషి ఎదుట కూరలు, గిన్నెలు పెట్టుకునే గట్టు. హార్డ్ డిస్కు అంటే వెనుకనున్న కొట్టుగది. వంటమనిషి నెమ్మదివాడైతే ఒక ఇబ్బంది. గట్టు ఇరుకైతే వేరొక ఇబ్బంది, ప్రతి చిన్నదానికీ కొట్టుగదికి పరుగెత్తాలి. కొట్టుగది చీకటిగా, చిందరవందరగా ఉంటే మరొక ఇబ్బంది.

ఉత్తరము టైపు చేయడానికీ పాట రికార్డు చేయడానికీ తేడా ఇక్కడే ఉంది. ఉత్తరములో అక్షరము అర సెకను ఆలస్యముగా పడితే నష్టము లేదు. పాట అట్లా కాదు. సీడీ నాణ్యతలో ప్రతి సెకనుకు 44,100 శబ్దపు కొలతలు క్రమము తప్పకుండా అందాలి. బంతిలో కూర్చున్నవారి విస్తళ్ళలోకి సాంబారు ఆగకుండా పడుతూ ఉండాలన్నమాట. ఒక్క విస్తరి ఖాళీ అయితే అదే మనకు వినపడే టిక్కు.

కొందరు యౌవనస్థులు ఒక ప్రశ్న వేస్తారు. "టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే ప్రాసెసరు 30 శాతమే పని చేస్తున్నట్టు చూపుతుంది. మరి చప్పుళ్ళు ఎందుకు?" నేటి ప్రాసెసరులో ఒక వంటమనిషి కాదు, నలుగురో ఎనిమిదిమందో ఉంటారు. వాటినే కోర్లు అంటారు. కాని ఒక ట్రాకు మీద మీరు వరుసగా పెట్టిన ఎఫెక్టులు ఒకదాని తరువాత ఒకటి జరగవలసినవి. తాలింపు వేగకముందే దించలేము కదా! ఆ వరుస పని సాధారణముగా ఒకే కోరు మీద పడుతుంది. మిగిలినవారు ఖాళీగా ఉన్నా, ఆ ఒక్కడు ఆలస్యమైతే పాట తెగుతుంది. అందుచేత మొత్తము శాతము చూసి మోసపోకుండా, మీ రికార్డింగు ప్రోగ్రాములోనే ఉండే పనిభారపు మీటరును చూడండి.

బకెట్టు చిన్నదా, పెద్దదా?

రికార్డింగు ప్రోగ్రాములో బఫరు సైజు అని ఒక అంకె ఉంటుంది. 64, 128, 256, 512, 1024 అని కనబడుతుంది. మొట్టమొదట చూడవలసింది ఇదే.

బఫరు అంటే సాంబారు బకెట్టు. చిన్న బకెట్టు త్వరగా నిండుతుంది, త్వరగా బంతిలోకి వస్తుంది. కాని వడ్డించేవాడు నిమిషానికి పదిసార్లు పరుగెత్తాలి. ఒక్కసారి తడబడితే విస్తరి ఖాళీ. పెద్ద బకెట్టు నిండడానికి సమయము పడుతుంది, మొదటివాడు కొంచెము ఆగాలి. ఒకసారి వచ్చిందంటే మాత్రము తొందర ఉండదు.

లెక్క చూడండి. సెకనుకు 44,100 కొలతలైతే, 64 కొలతల బఫరు సుమారు ఒకటిన్నర మిల్లీసెకను. 256 అయితే సుమారు 6 మిల్లీసెకనులు. 1024 అయితే సుమారు 23 మిల్లీసెకనులు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. శబ్దము లోపలికి పోయేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి ఈ ఆలస్యము పడుతుంది గనుక రెట్టింపు చేసుకోవాలి. 1024 దగ్గర అది 46 మిల్లీసెకనులు దాటుతుంది. గాలిలో శబ్దము ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకనులు పడుతుంది. అంటే మీ గొంతు మీకే పదిహేను, పదహారు మీటర్ల దూరమునుంచి వినబడినట్టు ఉంటుంది. దేవాలయము ఒక చివర హార్మోనియము, మరో చివర మీరు నిలబడి పాడితే తాళము ఎట్లా లాగుతుందో అట్లాగే ఉంటుంది.

అందుకని ఒక నియమము పెట్టుకోండి. పాడేటప్పుడు బఫరు 128 లేక 256. పాడడము అయిపోయి మిక్సింగుకు కూర్చున్నప్పుడు 512 లేక 1024. మిక్సింగులో ఎవరూ పాడరు గనుక ఆలస్యముతో పనిలేదు. మా కుర్రవాడు ఏడాదిగా అన్ని పనులకూ 64 దగ్గరే ఉంచాడు. "చిన్న అంకె మంచిదని ఎవరో చెప్పారండీ" అన్నాడు.

ఇంకొక మేలైన మార్గము ఉంది. ఆడియో పెట్టెల్లో చాలావాటికి డైరెక్టు మానిటరు అని ఒక మీటగాని, తిప్పే మరగాని ఉంటుంది. దానిని వాడితే పాడేవారి గొంతు కంప్యూటరుదాకా పోకుండా, ఆ పెట్టెనుంచే నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. అప్పుడు బఫరు పెద్దదిగా ఉన్నా పాడేవారికి ఆలస్యము తెలియదు. ప్రోగ్రాములోని మానిటరింగు మాత్రము ఆపివేయాలి. లేకపోతే గొంతు రెండుసార్లు వినబడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పాడేటప్పుడు వద్దు. బఫరు ఎంత తగ్గించినా వాటి ఆలస్యము వాటికి ఉండనే ఉంటుంది. వైరు ఉన్న హెడ్‌ఫోన్ చవకైనదైనా మేలు.

విండోస్ కంప్యూటరు అయితే ఏసియో అనే డ్రైవరు వాడుతున్నారో లేదో చూడండి. ఇది స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన పద్ధతి. శబ్దమును విండోస్ మామూలు దారిలో తిప్పకుండా దగ్గర దారిన తెస్తుంది. మీ ఆడియో పెట్టె తయారుచేసినవారు ఇచ్చే ఏసియో డ్రైవరును పెట్టుకోవడము మంచిది. ఆపిల్ కంప్యూటర్లలో కోర్ ఆడియో అనే ఏర్పాటు ముందే ఉంటుంది గనుక ఈ బాధ లేదు.

యంత్రము చుట్టూ సర్దవలసినవి

మా కుర్రవాడు ల్యాప్‌టాపును మంచము మీద, బొంత మీద పెట్టి రికార్డు చేశాడు. గాలి లోపలికి పోయే రంధ్రాలు మూసుకుపోయాయి. ప్రాసెసరు బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగము తగ్గించుకుంటుంది. మన వేసవిలో ఇది మరీ ఎక్కువ. బల్లమీద పెట్టండి. వెనుకవైపు కొంచెము ఎత్తు చేయండి. రెండు మూడేళ్ళు వాడినదైతే ఫ్యానులో దుమ్ము పేరుకొని ఉంటుంది. తెలిసినవారిచేత శుభ్రము చేయించండి. మా ల్యాప్‌టాపులోనుంచి వచ్చిన దుమ్ము చూసి వాళ్ళ నాన్నగారు, "ఇది మన నూర్పిళ్ళ దుమ్మురా" అని నవ్వాడు.

చార్జరు తగిలించి ఉంచండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా ల్యాప్‌టాపులు కరెంటు పొదుపు కోసము వేగము తగ్గించుకుంటాయి. విండోస్ సెట్టింగులలో పవర్ మోడ్ అనే చోట బెస్ట్ పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

రికార్డింగుకు ముందు కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. బ్రౌజరు, సందేశాల ప్రోగ్రాములు, ఫోటోలను తమంతట తామే ఎక్కడికో పంపుతుండే ప్రోగ్రాములు అన్నీ మూయండి. వైఫై, బ్లూటూత్ రెండూ ఆపండి. పాట మధ్యలో అప్‌డేటు దిగడము మొదలైతే ఎంత మంచి యంత్రమైనా తడబడుతుంది. వైరస్‌ను పట్టే ప్రోగ్రామును పూర్తిగా తీసివేయవద్దు. అది మన పాటలు దాచుకునే ఫోల్డరును పదేపదే వెదకకుండా మినహాయింపు ఇస్తే చాలు. పదిమంది చేతులు మారివచ్చిన పెన్‌డ్రైవు పెట్టేటప్పుడు మాత్రము ముందు పరీక్ష చేయించండి.

ఆడియో పెట్టెను కంప్యూటరుకే నేరుగా తగిలించండి. మౌసు, పెన్‌డ్రైవు అన్నీ కలిపిన ఒకే హబ్బుకు దానినీ తగిలిస్తే ఇబ్బందులు వస్తాయి.

ఒక్క ప్రతిధ్వని అందరికీ చాలు

ఆ పద్నాలుగు ట్రాకులూ తెరిచి చూశాను. ప్రతి ట్రాకుకూ ఒక రివర్బు, అంటే దేవాలయములో పాడినట్టు ప్రతిధ్వని వచ్చే ఎఫెక్టు, విడిగా పెట్టి ఉంది. పద్నాలుగు ట్రాకులకు పద్నాలుగు రివర్బులు! ఎఫెక్టులలో బరువైనవాటిలో రివర్బు ఒకటి. అందులోనూ నిజమైన గదుల ప్రతిధ్వని నమూనాను వాడే కన్వల్యూషన్ రివర్బు మరింత బరువు.

క్వయిరు అంతా పాడేది ఒకే దేవాలయములో కదా! ఒక్కొక్కరికి ఒక్కొక్క దేవాలయము కట్టము. రివర్బు కోసము విడిగా ఒక దారి తెరిచి, అందులో ఒకే ఒక్క రివర్బు పెట్టి, ప్రతి ట్రాకునుంచి కావలసినంత శబ్దమును ఆ దారిలోకి పంపండి. దీనిని సెండు అంటారు. కోరస్‌కు ఎక్కువ, డోలక్‌కు తక్కువ పంపవచ్చు. పద్నాలుగు ఒకటికి తగ్గుతాయి. పాట కూడా అందరూ ఒకే చోట కూర్చుని పాడినట్టు కలిసివస్తుంది.

అట్లాగే కోరస్ పాడిన ఆరు ట్రాకులను ఒక గుంపుగా చేసి, ఆ గుంపు మీద ఒక్క ఈక్వలైజరు, ఒక్క కంప్రెసరు పెట్టవచ్చు. పాట మొత్తము మీద, అంటే మాస్టరు మీద పెట్టే బరువైన ఎఫెక్టులను రికార్డింగు సమయములో తీసివేయండి. వాటిలో కొన్ని, రాబోయే శబ్దమును ముందుగా చూసుకొని పనిచేసేవి. అవి బరువుతోపాటు ఆలస్యము కూడా పెంచుతాయి. పాటకు మెరుగు చివర పెట్టవచ్చు. గోడ కట్టకముందే సున్నము వేయనక్కరలేదు.

ఒక జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములలో ఎఫెక్టును బైపాసు చేసినంతమాత్రాన బరువు పూర్తిగా తగ్గదు. వాడనిదైతే తీసివేయడమే మంచిది. రీపర్ వంటి ప్రోగ్రాములలో దానిని ఆఫ్‌లైను చేసే వీలు కూడా ఉంది.

1967లో చేసిన పనే

ఇక అన్నిటికంటే ఎక్కువ బరువు దించే ఉపాయము ఫ్రీజు. ఇది కొత్త సంగతి అనుకుంటాము గాని మూలము పాతది. 1967లో లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో బీటిల్స్ బృందము తమ ప్రసిద్ధ సార్జెంట్ పెప్పర్స్ ఆల్బమును రికార్డు చేసినప్పుడు వారి చేతిలో ఉన్న టేపు యంత్రాలకు నాలుగే ట్రాకులు. నాలుగూ నిండితే? ఆ నాలుగింటినీ కలిపి మరొక యంత్రములో ఒకటి రెండు ట్రాకులలోకి దింపేవారు. మిగిలిన ట్రాకులు మళ్ళీ ఖాళీ. వాటి మీద ఇంకొన్ని వాయిద్యాలు. జార్జి మార్టిన్ ఆధ్వర్యములో అంతటి ఆల్బము అట్లాగే తయారయింది. అయితే అందులో రెండు కష్టాలు. దింపిన ప్రతిసారీ టేపు బుసబుస కొంత పెరిగేది. ఒకసారి కలిపినదానిని మళ్ళీ విడదీసే వీలు లేదు.

కంప్యూటరులో ఫ్రీజు అంటే అదే పని, ఆ కష్టాలు లేకుండా. ఎఫెక్టులతో, వాయిద్యపు ప్రోగ్రాములతో బరువెక్కిన ట్రాకును ఎంచుకొని ఫ్రీజు చేస్తే, అది వినబడే తీరులోనే ఒక మామూలు శబ్దపు ఫైలుగా మారుతుంది. ఎఫెక్టుల పని ఒక్కసారి జరిగి ఆగిపోతుంది. ఆ తరువాత కంప్యూటరు చేసేది ఆ ఫైలును వినిపించడము మాత్రమే. ప్రతి పూటా పిండి రుబ్బడము మాని, ఒకసారి రుబ్బి ఉంచుకున్నట్టు. మార్చవలసివస్తే ఫ్రీజు తీసివేయవచ్చు. ట్రాకు మళ్ళీ యథాస్థితికి వస్తుంది.

కీబోర్డుతో వాయించే వయొలిన్లు, తంబుర, వేణువు వంటి వాయిద్యపు ప్రోగ్రాములకు ఫ్రీజు మరీ అవసరము. అవి ఒక్కొక్కటి పెద్ద శబ్ద భండారాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకొని కూర్చుంటాయి. ఫ్రీజు చేసి ఆ వాయిద్యమును దించివేస్తే గట్టు ఖాళీ అవుతుంది.

చాలామంది వాడే ఆడాసిటీ ఉచితమైనది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 1999లో మొదలై 2000లో బయటికి వచ్చింది. దానిలో ఎఫెక్టు వేస్తే అది నేరుగా శబ్దములో కలిసిపోయేది. కాబట్టి తరువాత బరువు ఉండేది కాదు. 2022లో వచ్చిన 3.2 నుంచి పాట నడుస్తుండగా పనిచేసే ఎఫెక్టులు కూడా పెట్టారు. వాటిని వాడితే మాత్రము పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

గొంతుకు వేరే ఇల్లు

పాడేవారి గొంతు రికార్డు చేసే రోజున, పద్నాలుగు ట్రాకులున్న ప్రాజెక్టునే తెరవనక్కరలేదు. వాయిద్యాలన్నీ కలిపి ఒకే ఫైలుగా దింపుకోండి. కొత్త ప్రాజెక్టు తెరిచి, ఆ ఫైలును సరిగ్గా మొదటి క్షణమునుంచి పెట్టుకోండి. దాని పక్కన గొంతుకు ఒకే ఒక్క ట్రాకు. ఎఫెక్టులు ఏమీ వద్దు. పాడడము అయిపోయాక ఆ గొంతు ఫైలును తెచ్చి పాత ప్రాజెక్టులో అదే మొదటి క్షణము దగ్గర పెడితే చక్కగా అమరుతుంది. రెండిటిలోనూ సెకనుకు కొలతల సంఖ్య ఒకటే ఉండేట్టు చూసుకోవాలి. ఎంత పాత కంప్యూటరైనా రెండు ట్రాకులను మోస్తుంది.

ఆ సంఖ్య ఎంత ఉండాలి? 96,000 పెడితే గొప్పగా ఉంటుందని కొందరి నమ్మకము. మనిషి చెవి వినగలిగేది ఎక్కువలో ఎక్కువ సుమారు 20,000 హెర్ట్జుల వరకే. దానికి రెట్టింపు కంటే కొంచెము ఎక్కువ కొలతలు చాలు. 1982లో సీడీలు వచ్చినప్పుడు 44,100 అని పెట్టడానికి ఆ లెక్క కూడా ఒక కారణము. వీడియో కోసమైతే 48,000 పెట్టుకోండి. 96,000 పెడితే ప్రాసెసరుకూ డిస్కుకూ పని రెట్టింపు దాటుతుంది. మైకు ముందు కోడి కూస్తే అది మరింత స్పష్టముగా పడుతుంది, అంతే!

24 బిట్లు మాత్రము పెట్టుకోండి. దానివల్ల ప్రాసెసరుకు చెప్పుకోదగిన బరువు లేదు. గొంతును కొంచెము తక్కువ మట్టములో రికార్డు చేసినా చెడదు. స్థలము కూడా భయపడేంత కాదు. 44,100 దగ్గర 24 బిట్ల ఒక ట్రాకు నిమిషానికి సుమారు 8 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాట, పన్నెండు ట్రాకులైతే అర గిగాబైటు లోపే.

కొనవలసింది ఎప్పుడు?

ఇవన్నీ చేశాక కూడా తడబడితే అప్పుడు ఖర్చు సంగతి ఆలోచించండి. అప్పుడైనా మొదట కొత్త కంప్యూటరు కాదు. పాతదానిలో తిరిగే హార్డ్ డిస్కు ఉంటే దాని స్థానములో ఎస్.ఎస్.డి. వేయించండి. ర్యామ్ 4 గిగాబైట్లే ఉంటే, పెంచే వీలున్న యంత్రమైతే 8 చేయించండి. ఈ రెండింటి ఖర్చు కొత్తదాని ఖరీదులో చిన్న భాగము. ప్రాసెసరే మరీ పాతదై, ఫ్రీజు చేసినా మోయలేకపోతే అప్పుడు కొత్తది కొనడము న్యాయము.

మరొక మాట తల్లిదండ్రులతో, పిల్లలతో కలిపి చెబుతున్నాను. ఖరీదైన ప్రోగ్రాములను దొంగదారిన తెచ్చి పెట్టుకోవడము మన సంఘాల్లో కూడా మామూలైపోయింది. ఇతరుల కష్టమును దొంగిలించి పాట చేయడము ఏమి పాట? అదీగాక అటువంటివాటి వెంట వచ్చే చెడ్డ ప్రోగ్రాములు తెర వెనుక ప్రాసెసరును తినేస్తాయి. ఉచితముగా దొరికేవి, తక్కువ వెలకు వచ్చేవి ఉన్నాయి. వాటితోనే చక్కని పని చేయవచ్చు.

చివరిగా ఒక చిన్న జాగ్రత్త. మళ్ళీ పాడించుకోలేని పాట అయితే, కంప్యూటరు పక్కనే ఒక ఫోనును ఫ్లయిటు మోడులో పెట్టి దానిలో కూడా రికార్డు చేయండి. నాణ్యత తక్కువైనా రెండో సాక్షి ఉంటుంది. పాట ముగిసిన వెంటనే సేవు చేయండి. ఇంటికి వెళ్ళేలోగా మరొక చోటికి కాపీ తీయండి. ఆ మొదటి రాత్రి మేము ఫోను పెట్టి ఉంటే, ఆ పోయిన మాట ఎక్కడో ఒకచోట దొరికి ఉండేది.

మామ్మగారి రెండో పాట

వారము గడిచేసరికి మా పాత ల్యాప్‌టాపు ఒక్క టిక్కు కూడా లేకుండా పద్నాలుగు ట్రాకులూ వినిపించింది. ఇక మామ్మగారిని అడగాలి. ఆమెకు జలుబు చేసి, తగ్గేసరికి నెల పట్టింది. "గొంతు దిగిపోయిందిరా, ఆ శ్రుతిలో పలకలేను" అన్నారు. కుర్రవాళ్ళు కష్టపడి చేసిన వాయిద్యాలన్నీ పై శ్రుతిలో ఉన్నాయి. ఏమి చేయాలా అని చూస్తుంటే మనవడే, "వద్దులే మామ్మా, అవన్నీ పక్కన పెడదాము. హార్మోనియము, నువ్వు, అంతే" అన్నాడు.

రెండే ట్రాకులు. ల్యాప్‌టాపు బల్లమీద, వైఫై ఆపి, పక్కన ఫోను. ఆమె పదకొండు కీర్తనలు పాడారు. మొదటి రాత్రి గొంతులో ఉన్న ధాటి ఈసారి లేదు. మధ్యమధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినబడుతుంది. కాని ఒక్క మాట జారలేదు, ఒక్క చోట తెగలేదు.

తరువాతి క్రిస్మస్ వరకు ఆమె లేరు. కొత్త కంప్యూటరుకని దాచిన ధాన్యము డబ్బులో కొంత ఎస్.ఎస్.డి.కి, ర్యామ్‌కు పోయింది. మిగిలింది ఇంటి అవసరాలకు పనికివచ్చింది. అప్పు చేయవలసిన పని పడలేదు. ఇప్పుడు శనివారము సాయంత్రము సండేస్కూలు పిల్లలు ఆ పాటలు పెట్టుకొని నేర్చుకుంటారు. మామ్మగారు ఊపిరి తీసుకున్న చోటే వాళ్ళూ ఊపిరి తీసుకుంటారు.

మీ సంఘములో కూడా అటువంటి మామ్మగారో, తాతగారో ఉండి ఉంటారు. కొత్త కంప్యూటరు వచ్చేదాకా ఆగవద్దు. ఉన్నదాని బరువు దించి, ఈ ఆదివారమే వారి ఇంటికి వెళ్ళండి.